రంగుల పెట్టె కొంటే సరిపోదు

వారాల శిక్షణతో వృత్తిలోకి.. అప్పులతో ఆరంభం
మేకప్ నేర్చుకునేవారు ముందుగా తేల్చుకోవలసిన లెక్కలెన్నో

తెనాలి: ముహూర్తం తెల్లవారుజామున నాలుగు గంటల ఇరవై నిమిషాలకు. అలంకరణ కోసం వధువు రాత్రి ఒంటిగంటకే కల్యాణ మండపంలోని విడిది గదిలో కుర్చీలో కూర్చోవాలి. గదిలో ఉన్నది ఒకే ట్యూబులైటు. తలుపు తోసుకుని వచ్చే చుట్టాలు, పెళ్లికూతురిని త్వరగా తీసుకురమ్మని పురోహితుని నుంచి పదేపదే కబుర్లు. ఆ మూడు గంటల్లో చేసిన అలంకరణ ఆ తరువాత ఐదారు గంటలపాటు చెమటకు, హోమం పొగకు, తలంబ్రాలకు, వీడియో దీపాల వేడికి తట్టుకొని నిలవాలి. ఏ కొంచెం తేడా వచ్చినా ఆ లోపం పెళ్లి ఫొటోలలో జీవితాంతం మిగిలిపోతుంది.

ఈ పని నేర్చుకుంటే ఇంటి పట్టున ఉంటూనే నాలుగు రూపాయలు సంపాదించవచ్చునన్న ఆశతో డిగ్రీ పూర్తిచేసిన యువతులు, పిల్లలు బడికి వెళ్లేవరకు ఎదురుచూసిన గృహిణులు మేకప్ శిక్షణ వైపు మొగ్గుతున్నారు. కృష్ణా, గుంటూరు ప్రాంత పట్టణాలలోనే గాక రెండు తెలుగు రాష్ట్రాలలోని మండల కేంద్రాలలో సైతం శిక్షణ ప్రకటనల బోర్డులు కనిపించడం పరిపాటిగా మారింది. వారం, పదిహేను రోజులు, నెల అంటూ కాలపరిమితి మారుతున్నకొద్దీ రుసుము వేల నుంచి లక్ష దాటే వరకు పలుకుతోంది. చివరి రోజున ఒక ధ్రువపత్రం, ఒక ఫొటో చేతికి వస్తాయి. ఆ పత్రంతో మర్నాడే మరొకరి ముఖంపై చేయి వేయవచ్చునా? అప్పు తెచ్చి కట్టిన రుసుము ఎన్నాళ్లకు తిరిగి వస్తుంది? రంగులు కొనడానికి ముందే వేసుకోవలసిన ఈ ప్రశ్నలు చాలా సందర్భాలలో రుసుము కట్టిన తరువాతే తలెత్తుతున్నాయి.

నాటకానికి పుట్టినిల్లు.. రంగు కొత్తేమీ కాదు

ముఖానికి రంగు వేసుకోవడం ఈ ప్రాంతానికి నిన్న మొన్న వచ్చిన విద్య కాదు. 1902లో బాపట్లలో జన్మించిన స్థానం నరసింహారావు పురుషుడై ఉండి స్త్రీ పాత్రలకు ప్రాణం పోశారు. తెనాలి శ్రీరామవిలాస సభ వేదికగా ఆయన ధరించిన సత్యభామ వంటి పాత్రలకు నటన ఎంత ముఖ్యమో చీరకట్టు, ముఖాలంకరణ అంత ముఖ్యమయ్యాయి. 1956లో కేంద్ర ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో సత్కరించింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజాలలో పిల్లలు మాటలు నేర్చే వయసులోనే రంగులు కలపడమూ నేర్చారు. అక్కడ బోర్డు లేదు, ధ్రువపత్రం లేదు. తల్లిదండ్రులు, మేనమామలే గురువులు. ప్రతి రాత్రీ ప్రదర్శనే పరీక్ష.

ఆ పాత విద్యలో గమనించవలసిన అంశాలు రెండున్నాయి. మొదటిది సాధన. ఒకే పాత్రకు వందలసార్లు రంగు వేసుకున్న నటుడికి ఏ దీపం కింద ఏ రంగు ఎలా కనిపిస్తుందో చేతికే తెలిసిపోయేది. రెండవది ప్రమాదం. వీధి నాటకాలు, యక్షగానాలలో పసుపు మెరుపు కోసం వాడిన అరిదళంలో ఆర్సెనిక్ అనే విషపదార్థం ఉంటుంది. తరతరాల కళాకారులు దానిని నమ్మకంతో ముఖానికి పూసుకున్నారు. నేడు సౌందర్య సాధనాలలో రంగు కోసం ఆర్సెనిక్, సీసం సమ్మేళనాలు వాడటాన్ని చట్టం నిషేధించింది. చేతికి అలవాటైనంత మాత్రాన పదార్థం గురించిన జ్ఞానం దానంతటదే రాదని అరిదళం చెప్పే పాఠం. ఈనాటి శిక్షణలో సాధన, పదార్థ జ్ఞానం రెండూ ఉన్నాయా అన్నదే అసలు ప్రశ్న.

తన ముఖం వేరు.. పరుల ముఖం వేరు

మేకప్ నేర్చుకోవాలనుకునేవారిలో రెండు వర్గాలున్నాయి. ఉద్యోగానికో, ఇంటర్వ్యూకో, శుభకార్యానికో తమను తాము చక్కగా తీర్చిదిద్దుకోవాలనుకునేవారు మొదటి వర్గం. దానినే వృత్తిగా చేపట్టాలనుకునేవారు రెండవ వర్గం. ఇద్దరికీ ఒకే తరగతి, ఒకే రుసుము అనడంలోనే మొదటి పొరపాటు జరుగుతోంది.

స్వీయాలంకరణ నేర్చుకునే వ్యక్తికి ఎదురుగా ఉన్నది ఒకే ముఖం. తన చర్మం పొడిదో, జిడ్డుదో ఆమెకు చిన్ననాటి నుంచీ తెలుసు. ఏది పడదో తెలుసు. ఆమెకు కావలసినవి కొద్దిపాటి మెలకువలు మాత్రమే. ముఖం శుభ్రపరచుకొని తేమనిచ్చే లేపనం రాసుకోవడం, ఎండలోకి వెళ్తే సన్‌స్క్రీన్ వాడటం, తన చాయకు సరిపోయే ఫౌండేషన్‌ను పలచగా పూయడం, కాటుక, కనుబొమలు, పెదవుల రంగు సరిచూసుకోవడం, రాత్రి పడుకునే ముందు అంతా పూర్తిగా తొలగించుకోవడం. నాలుగైదు రోజుల అభ్యాసానికి మించి దీనికి అవసరం లేదు. ఐదారు వస్తువులకు మించి సామగ్రీ అక్కరలేదు. అటువంటివారిని సైతం వృత్తి శిక్షణలో చేర్చి, పెద్ద కిట్ కొనిపించడం అనవసర భారమే.

వృత్తిలోకి వచ్చే వ్యక్తికి ఎదురయ్యేది ప్రతిసారీ తెలియని ముఖం. ఒకరికి మొటిమలు, మరొకరికి మంగుమచ్చలు, ఇంకొకరికి కళ్లకింద నలుపు. ఒకరికి జిగురు పడదు, ఇంకొకరికి పరిమళం పడదు. అరవై ఏళ్ల తల్లికి, ఇరవై రెండేళ్ల కూతురికి ఒకే పూత నప్పదు. ముడతలపై పొడి ఎక్కువైతే అవి మరింత స్పష్టమవుతాయి. ఇన్ని రకాల ముఖాలపై చేయి తిరగాలంటే అద్దంలో తన ముఖంపై చేసిన అభ్యాసం చాలదు. తరగతిలో తోటి విద్యార్థుల ముఖాలపైనా, వేర్వేరు వయసులవారిపైనా పదేపదే చేసిన అభ్యాసమే అందుకు మార్గం. గురువు వేస్తుండగా చుట్టూ నిలబడి చూసి, సెల్‌ఫోన్‌లో చిత్రీకరించుకొని వచ్చేయడం శిక్షణ కాదు, వినోదం.

తెలుగు పెళ్లి పెట్టే పరీక్ష

పుస్తకాలలోనూ, వీడియోలలోనూ కనిపించే పాఠాలు ఎక్కువగా చల్లని స్టూడియోలలో తయారైనవి. వైశాఖ మాసపు ఉక్కపోతలో జరిగే తెలుగు పెళ్లికి వాటిని యథాతథంగా దింపితే గంటకే రంగు కారిపోతుంది. మన వివాహ తంతులో ప్రతి ఘట్టమూ అలంకరణకు ఒక పరీక్ష పెడుతుంది.

బాసికం నుదుటికి కట్టినపుడు దారం ఒరిపిడికి ఫౌండేషన్ చెదురుతుంది. జీలకర్ర బెల్లం ముద్దను నడినెత్తిన ఉంచి కొంతసేపు పట్టుకుంటారు. పాకం నుదుటిపైకి దిగే అవకాశముంది. కనుక కొప్పు, పాపిడిబిళ్ల, పూలజడ అమర్చేటపుడే నడినెత్తి చోటు వదలాలి. తలంబ్రాలలో బియ్యంతో పాటు పసుపు, నెయ్యి ఉంటాయి. ముఖంపై పూత తడిగా, జిగురుగా ఉంటే పసుపు అతుక్కుని చారలు పడతాయి. హోమం పొగకు కళ్లలో నీళ్లు తిరుగుతాయి. నీటికి చెదరని కాటుక, మస్కారా వాడకపోతే కళ్లకింద నల్లని మరకలు తప్పవు. కల్యాణ తిలకం, బుగ్గన చుక్క ఎవరు, ఎప్పుడు దిద్దుతారో కుటుంబ పెద్దలను ముందే అడిగి తెలుసుకోవాలి. ఒక్కో ఇంటిది ఒక్కో ఆచారం.

వెలుతురు సంగతి మరొకటి. తెల్లని ట్యూబులైటు కింద సరిపోయిందనుకున్న చాయ పగటి వెలుతురులో బూడిదరంగుకు తిరుగుతుంది. పసుపు కాంతి దీపాల కింద ఎరుపు తక్కువగా కనిపించడంతో బుగ్గలకు రంగు ఎక్కువ పడుతుంది. అందుకే ఫౌండేషన్ చాయను చేతి మీద గాక దవడ అంచున రాసి, పగటి వెలుతురులో సరిచూడాలి. మెడ రంగుతో కలిసిపోయేదే సరైన చాయ. ఎండను అడ్డుకునే టైటానియం డయాక్సైడ్ వంటి పదార్థాలున్న పూతలు, సిలికా ఎక్కువగా ఉన్న తెల్లని పొడులు అద్దంలో బాగానే కనిపించినా, కెమెరా ఫ్లాష్ పడగానే ముఖాన్ని సున్నం కొట్టినట్లు చూపుతాయి. రాత్రి పెళ్లిళ్లలో ఈ పొరపాటు తరచూ జరుగుతుంది. పెళ్లికి కొద్ది రోజుల ముందు ఒకసారి వేసి, ఫ్లాష్‌తో ఫొటో తీసి చూసుకుంటే దీనిని నివారించవచ్చు. ముందస్తు ప్రయత్నానికి రుసుము తీసుకున్నా తప్పులేదు. అది లేకుండా నేరుగా పెళ్లినాడే కుంచె పట్టడం ఇద్దరికీ నష్టమే.

తెల్లబరచడమే అందమా?

శిక్షణలోకి తేవలసిన మరో అంశం చర్మపు రంగు. తెలుగువారిలో చామనఛాయ మొదలు నలుపు వరకు ఎన్నో ఛాయలున్నాయి. వీటి అడుగున పసుపు, బంగారు, ఎరుపు జీరలు వేర్వేరుగా ఉంటాయి. ఆ జీరను గుర్తించడమే చాయ ఎంపికకు పునాది. కళ్లకింద నలుపుపై నేరుగా లేత రంగు పూస్తే బూడిద మచ్చ తేలుతుంది. ముందుగా నారింజ జీర ఉన్న సవరణ రంగును పలచగా అద్ది, దానిపై అసలు చాయ వేయాలి. ఈ సులువు తెలియనివారు మచ్చను దాచడానికి పొరపై పొర తెల్లగా పూస్తూ పోతారు. ఫలితంగా ముఖం ఒక రంగు, మెడ, చేతులు మరో రంగు.

వధువును నాలుగు చాయలు తెల్లగా చూపితేనే పనితనమన్న అభిప్రాయం కొందరు తల్లిదండ్రులలో బలంగా ఉంది. ఆ ఒత్తిడికి లొంగి పెళ్లికి నెల ముందు నుంచే 'తెల్లబరిచే' క్రీములను సిఫారసు చేసే పార్లర్లూ లేకపోలేదు. వీటిలో స్టెరాయిడ్ కలిసినవి మొదట్లో మెరుపు తెచ్చినా, వాడకం కొనసాగితే చర్మం పలచబడి, ఎర్రబారి, మొటిమలు, అవాంఛిత రోమాలకు దారితీస్తాయి. మానేస్తే మంట పెరుగుతుంది. ఈ దుర్వినియోగాన్ని అరికట్టేందుకు 2018 మార్చిలో కేంద్ర ఆరోగ్య శాఖ పలు స్టెరాయిడ్ లేపనాలను వైద్యుని చీటీ ఉంటేనే అమ్మవలసిన షెడ్యూల్ హెచ్ జాబితాలోకి తెచ్చింది. మేకప్ కళాకారిణి వైద్యురాలు కాదు. ఆమె ఏ మందునూ సూచించరాదు. చర్మ వ్యాధి కనిపిస్తే వైద్యుని వద్దకు పంపడం ఆమె వృత్తిధర్మం.

చీటీ చదవడం కూడా విద్యే

సౌందర్య సాధనాల తయారీ, దిగుమతి, అమ్మకాలపై 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం వర్తిస్తుంది. దాని కింద 2020 డిసెంబరులో ప్రత్యేకంగా కాస్మెటిక్స్ నిబంధనలు వచ్చాయి. ఇవి పాదరసాన్ని ఉద్దేశపూర్వకంగా కలపడాన్ని నిషేధించాయి. తయారీలో అనుకోకుండా చేరే పాదరసం సైతం కంటి చుట్టూ వాడేవాటిలో 10 లక్షల భాగాలకు 70 భాగాలు, మిగిలినవాటిలో ఒక భాగం మించరాదు. సీసాపై తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబరు, తయారీ లైసెన్సు నంబరు, గడువు తేదీ ఉండాలి. విదేశీ వస్తువైతే దిగుమతిదారు వివరాలు, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నంబరు ఉండాలి. పేరున్న కంపెనీల డబ్బాలను పోలిన నకిలీలు తక్కువ ధరకు దొరుకుతున్న రోజులలో ఈ వివరాలు సరిచూసుకోవడం కుంచె పట్టడమంత ముఖ్యం.

మూత తీసిన డబ్బా బొమ్మ పక్కన '12ఎం' అని ఉంటే తెరిచిన తరువాత 12 నెలలలోగా వాడాలని అర్థం. గడువు తేదీ వేరు, ఇది వేరు. సీజను తరువాత సీజనుకు అదే మస్కారా సీసాతో నెట్టుకొచ్చేవారు తెలుసుకోవలసిన విషయమిది. ఒకరి కంటికి తాకిన మస్కారా కుంచెను మళ్లీ సీసాలో ముంచితే కంటి ఇన్ఫెక్షన్ తరువాతి వ్యక్తికి చేరుతుంది. లిప్‌స్టిక్‌ను నేరుగా పెదవులకు రాయకుండా చిన్న చెంచాతో పళ్లెంలోకి తీసి, అక్కడి నుంచి కుంచెతో అద్దాలి. కుంచెలు ప్రతి ఒక్కరికీ శుభ్రం చేసినవి కావాలి. స్పాంజి ఒకరికి వాడితే అంతటితో సరి.

పడని పదార్థాల గురించిన జాగ్రత్త మరీ ముఖ్యం. కొత్త పూత ఏదైనా చెవి వెనుకో, మోచేతి లోపలి వైపో కొద్దిగా రాసి, ఒకటి రెండు రోజులు ఆగి చూడాలి. తలరంగుల డబ్బాలపై ఇటువంటి ముందస్తు పరీక్ష చేయాలన్న హెచ్చరిక ఉంటుంది. గంటలో నల్లగా పండుతుందని అమ్మే 'నల్ల గోరింటాకు' కోన్లలో తలరంగులలో వాడే పీపీడీ అనే రసాయనం కలిపే అవకాశముంది. దానివల్ల చేతులు బొబ్బలెక్కిన కేసులను వైద్యులు ఎన్నో నమోదు చేశారు. నిత్యం పెట్టుకునే అంటుడు బొట్టుబిళ్లల జిగురులోని ఒక రసాయనం కొందరికి నుదుట తెల్లమచ్చను మిగులుస్తుందన్నది చర్మవైద్యులు ఏనాడో గుర్తించిన సంగతి. పెళ్లికి ముందురోజు గాక వారం ముందే వధువును ఈ వివరాలు అడిగి రాసుకోవడం అలవాటు చేసుకోవాలి.

రాసుకోవడంవల్ల మరో ప్రయోజనం కూడా ఉంది. రుసుము తీసుకుని చేసే అలంకరణ వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోకి వచ్చే సేవే. ఢిల్లీలోని ఒక హోటల్ సెలూన్‌లో జుట్టు కత్తిరింపు సరిగా చేయలేదన్న ఫిర్యాదుపై 2021లో జాతీయ వినియోగదారుల కమిషన్ ఏకంగా 2 కోట్ల రూపాయల పరిహారం ప్రకటించింది. నష్టానికి తగిన ఆధారాలు లేవంటూ 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ మొత్తాన్ని పక్కన పెట్టి, మళ్లీ పరిశీలించాలని ఆదేశించింది. ఇరుపక్షాలకూ ఇందులో పాఠముంది. ఏ సేవకు ఎంత, ఎన్ని గంటలకు, ఎవరెవరికి అన్నది కాగితంపై ఉండటం అడిగేవారికీ రక్ష, చేసేవారికీ రక్ష.

సినిమా తలుపు తెరుచుకున్న వైనం

మేకప్ నేర్చుకునే యువతుల చూపు ఎక్కడో ఒకచోట సినిమాపై ఉంటుంది. తెలుగు సినిమాలో ఎన్.టి.రామారావుకు మేకప్ చేసిన పీతాంబరం వంటివారు నటులతో సమానంగా పేరు తెచ్చుకున్నారు. 2018 సంవత్సరపు జాతీయ చలనచిత్ర అవార్డులలో ఉత్తమ మేకప్ పురస్కారం 'అ!' అనే తెలుగు చిత్రానికే దక్కింది. అయితే ఈ రంగంలో మేకప్ పురుషుల పని, జుట్టు అలంకరణ మహిళల పని అన్న విభజన దశాబ్దాలపాటు నడిచిందన్న సంగతి నేటి తరానికి అంతగా తెలియదు.

ముంబయిలోని సినీ కాస్ట్యూమ్, మేకప్ కళాకారుల సంఘం తన నిబంధనలలోనే మహిళలకు మేకప్ ఆర్టిస్టుగా సభ్యత్వం నిరాకరించింది. సభ్యత్వం లేనిదే షూటింగులో పని లేదు. అమెరికాలో శిక్షణ పొంది వచ్చిన చారు ఖురానాకు సైతం తలుపు తెరుచుకోలేదు. సంఘం అనుమతి లేకుండా పనిచేసినందుకు 2009లో ఆమెకు జరిమానా సైతం విధించారు. ఆమె, మరికొందరు కలిసి సుప్రీంకోర్టును ఆశ్రయించారు. 2014 నవంబరు 10న జస్టిస్ దీపక్ మిశ్రా, జస్టిస్ యు.యు.లలిత్‌లతో కూడిన ధర్మాసనం ఆ నిబంధనలు రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. నచ్చిన వృత్తి చేపట్టే హక్కును స్త్రీ అయినందుకు కాదనడం చెల్లదని, రాష్ట్రంలో ఐదేళ్ల నివాసం ఉండాలన్న షరతు కూడా నిలవదని తీర్పులో స్పష్టం చేసింది.

ఈ తీర్పుతో దేశంలో ఎక్కడి మహిళకైనా హక్కు లభించింది. అయితే హక్కు వేరు, అవకాశం వేరు. గాయం, ముసలితనం, అంటించే గడ్డం వంటి పాత్రోచిత మేకప్ పెళ్లి అలంకరణతో వచ్చేది కాదు. దానికి ఒక సీనియర్ వద్ద ఏళ్ల తరబడి సహాయకురాలిగా పనిచేయాలి. 'మా కోర్సు చేస్తే సినిమాలో ఛాన్స్' అన్న మాటను రాతపూర్వకంగా ఇమ్మని అడిగితే నిజం తేలిపోతుంది.

మూఢాలలో వడ్డీ ఆగదు

జిల్లాలో ఈ వృత్తికి ప్రధాన ఆదాయం పెళ్లిళ్లే. పెళ్లిళ్లు పంచాంగాన్ని అనుసరించి నడుస్తాయి. ఆషాఢం, భాద్రపదం, పుష్యమాసాలలో సాధారణంగా ముహూర్తాలుండవు. వీటికి గురు, శుక్ర మూఢాలు తోడైతే వరుసగా నెలల తరబడి పని ఉండదు. 2024లో ఏప్రిల్ చివర నుంచి ఆగస్టులో శ్రావణం వచ్చే వరకు సుమారు మూడు నెలలు పెళ్లి బాజా మోగలేదు. 2025 నవంబరు చివర నుంచి 2026 ఫిబ్రవరి మధ్య వరకు శుక్ర మూఢం వచ్చింది. ముహూర్తాలు ఆగినా తాకట్టులో ఉన్న బంగారంపై వడ్డీ మాత్రం ఆగదు.

ఉదాహరణకు ఒక లెక్క చూద్దాం. శిక్షణకు 60 వేలు, కిట్‌కు 40 వేలు, వెరసి లక్ష రూపాయలు నూటికి నెలకు రూపాయి వడ్డీకి తెచ్చారనుకుందాం. సామగ్రి, ప్రయాణం, సహాయకురాలి కూలి పోను ఒక్కో వధువుపై 3 వేలు మిగిలితే, ఏడాదిలో ఇరవై పెళ్లిళ్లు చేసినా చేతికి వచ్చేది 60 వేలు. మొదటి ఏడాది అందులో 12 వేలు వడ్డీకే పోతాయి. అసలు తీరాలంటే ఇంచుమించు రెండేళ్లు పడుతుంది. ఆ రెండేళ్లలో ఇంటికి ఒక్క రూపాయి రాదు. కొత్తగా వచ్చిన వ్యక్తికి మొదటి ఏడాదే ఇరవై పెళ్లిళ్లు దొరకడమూ తేలిక కాదు. పేరు కోసమని తెలిసినవారికి ఉచితంగానో, సగం ధరకో చేసేవే ఎక్కువగా ఉంటాయి.

ఈ లెక్క ఎవరినీ వెనక్కి లాగడానికి కాదు. పెళ్లిళ్లపైనే ఆధారపడకుండా కనుబొమలు తీర్చడం, జుట్టు పనులు, చీర కుచ్చిళ్లు సర్ది ఇస్త్రీ చేసి ఇవ్వడం, కూచిపూడి ప్రదర్శనలు, పాఠశాల వార్షికోత్సవాలు, ఓణీల వేడుకలు, సీమంతాల అలంకరణ వంటివి కలుపుకొన్నవారే మూఢాలలోనూ నిలదొక్కుకుంటారు. అర్ధరాత్రి ముహూర్తాలకు వెళ్లవలసిన మహిళకు రానుపోను వాహనం, తోడుగా మరొకరికి భోజనం, బస అన్నవి రుసుములో భాగమేనని ముందే మాట్లాడుకోవడం కూడా వ్యాపార లక్షణమే.

చేరువలోనే చౌక శిక్షణ

అప్పు చేయకుండా నేర్చుకునే మార్గాలు లేవా అంటే ఉన్నాయి. తెలిసినవారే తక్కువ. బ్యాంకుల ఆధ్వర్యంలో జిల్లాలలో నడిచే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు (ఆర్‌సెటీ) భోజన, వసతులతో సహా ఉచితంగా బ్యూటీ పార్లర్ నిర్వహణ శిక్షణ ఇస్తున్నాయి. కర్ణాటకలోని ఉజిరెలో 1982లో మొదలైన నమూనాకు ఇవి కొనసాగింపు. కోర్సు సుమారు నెల రోజులే అయినా, లెక్కలు రాయడం, బ్యాంకుతో వ్యవహరించడం వంటివి కూడా చెబుతారు. శిక్షణానంతరం రెండేళ్లపాటు అభ్యర్థుల బాగోగులు కనుక్కుంటారు. చదువు తక్కువైనవారికి జన శిక్షణ సంస్థాన్‌లు ఉన్నాయి. పదో తరగతి ఉత్తీర్ణులకు ఐటీఐలలో కాస్మెటాలజీ పేరిట ఏడాది కోర్సు ఉంది. చర్మ నిర్మాణం, పరిశుభ్రత, రసాయనాల పరిచయం, జుట్టు, మేకప్ అన్నీ ఇందులో క్రమపద్ధతిలో నేర్పుతారు. జాతీయ స్థాయి ధ్రువపత్రం లభిస్తుంది.

జాతీయ నైపుణ్యార్హతల చట్రంలో 'అసిస్టెంట్ బ్యూటీ థెరపిస్ట్' మొదలు 'బ్రైడల్, ఫ్యాషన్, ఫొటోగ్రాఫిక్ మేకప్ ఆర్టిస్ట్' వరకు వేర్వేరు స్థాయిలున్నాయి. ప్రైవేటు సంస్థ ఇచ్చే పత్రం ఈ చట్రానికి లోబడినదా, లేక సొంత ముద్ర వేసిన కాగితమేనా అన్నది అభ్యర్థి తెలుసుకోవాలి. పార్లర్ పెట్టుకోవడానికి 2015 ఏప్రిల్‌లో మొదలైన ముద్ర పథకంలో 'శిశు' విభాగం కింద 50 వేల వరకు పూచీకత్తు లేకుండా రుణం పొందవచ్చు. శిక్షణకు బంగారం కుదువపెట్టడం కన్నా, ఉచితంగా నేర్చుకుని సామగ్రికి బ్యాంకు రుణం తీసుకోవడం ఎంతో క్షేమం.

ప్రభుత్వ శిక్షణలకూ లోపాలున్నాయి. నెల రోజుల కోర్సులో పెళ్లి అలంకరణకు కేటాయించే సమయం కొద్దిపాటిదే. కొత్త పోకడలు, ఫొటో మేకప్ మెలకువలు అంతగా అందవు. అందుకే ముందు ఇక్కడ పునాది వేసుకుని, అనుభవమున్న ఒక కళాకారిణి వద్ద ఒకటి రెండు సీజన్లు సహాయకురాలిగా చేసి, ఆ తరువాత అవసరమైన అంశంలోనే ప్రైవేటు శిక్షణ తీసుకోవడం మేలు. సహాయకురాలిగా ఉన్నన్నాళ్లూ ఖర్చు ఉండదు సరికదా, ఎంతో కొంత కూలి వస్తుంది. వేర్వేరు ముఖాలు, వేర్వేరు మండపాలు, వేర్వేరు ఆచారాలు చూసే అవకాశమూ కలుగుతుంది. సురభి పిల్లలు నేర్చుకున్న పద్ధతీ ఇదే.

చేరే ముందు అడగవలసినవి

రుసుము కట్టే ముందు ఏ శిక్షణ సంస్థనైనా కొన్ని ప్రశ్నలు అడగడం విద్యార్థి హక్కు. ఒక బ్యాచ్‌లో ఎంతమంది? ప్రతి విద్యార్థి స్వయంగా ఎన్ని ముఖాలపై చేస్తారు? చామనఛాయ, నలుపు ఛాయలపై అభ్యాసం ఉంటుందా? పరిశుభ్రత, పడని పదార్థాలపై విడిగా పాఠముందా? కిట్ అక్కడే కొనాలన్న నిర్బంధముందా? మధ్యలో మానితే రుసుము ఎంత తిరిగి ఇస్తారు? ఇంతకు ముందు నేర్చుకున్నవారిలో ఇప్పటికీ పనిచేస్తున్నవారితో మాట్లాడనిస్తారా? వీటికి రశీదుతో సహా స్పష్టమైన సమాధానమిచ్చే సంస్థను నమ్మవచ్చు. 'చేరాక అన్నీ చెబుతాం' అన్నచోట ఒక అడుగు వెనక్కి వేయడమే మంచిది.

అధికారులు చేయగలిగింది కూడా ఉంది. ఆర్‌సెటీ, ఐటీఐ ప్రవేశ ప్రకటనలు మహిళా సంఘాల సమావేశాలకు, డిగ్రీ కళాశాలలకు సకాలంలో చేరాలి. పెళ్లి అలంకరణకు ప్రత్యేకంగా మరికొన్ని వారాల శిక్షణ జోడించాలి. ఔషధ తనిఖీ అధికారులు మందుల దుకాణాలతో పాటు సౌందర్య సాధనాల టోకు దుకాణాలపైనా దృష్టి పెట్టాలి.

విడిది గదిలో కళ్లు మూసుకుని కూర్చున్న వధువు తన ముఖాన్ని, తన జీవితంలో మళ్లీ రాని ఒక రోజును ఎదుటి మనిషి చేతిలో పెడుతోంది. ఆమె వధువుకు నిజాయితీగా ఇవ్వగలిగింది గోడకు వేలాడే పత్రం కాదు. శుభ్రమైన కుంచె, వారం ముందే అడిగి రాసుకున్న వివరాలు, వెలుతురు తెలిసిన చూపు, పది మంది ముఖాలపై తిరిగిన చేయి. ఇవి సమకూరేదాకా కాస్త ఓపిక పడితే తలపై అప్పు ఉండదు, చేతిలో విద్య ఉంటుంది.